పైకి లాగిన నిచ్చెన

మా సన్నీవేల్‌లో చైనావాళ్ళ దుకాణంలో బియ్యం బస్తాల వరస దాటి కుడివైపు తిరిగితే ఎండు రొయ్యల డబ్బాలుంటాయి. చిటికెన వేలి గోరంతవి ఒకదాంట్లో, బొటనవేలంతవి ఒకదాంట్లో, పొట్టు తీసినవి, తియ్యనివి, నారింజ రంగువి, ఉప్పు తేలి తెల్లబడ్డవి. మూత ఎత్తితే ఆ వాసన ముక్కు కంటే ముందు గొంతుకి తగులుతుంది. దాన్ని కంపు అనేవాళ్ళతో నేను చాలా ఏళ్ళుగా పోట్లాడుతున్నాను. తలా ఒక వంట తెచ్చుకునే మా పాట్‌లక్కులకి వచ్చే తెలుగువాళ్ళు బూజు పట్టిన జున్నుముక్కని టూత్‌పిక్కుతో గుచ్చి కళ్ళు మూసుకుని మరీ తింటారు గానీ, నేను రొయ్యపొట్టు వేయించి తీసుకెళితే మాత్రం "సత్యవతిగారూ, మీ అపార్ట్‌మెంట్‌లో స్మోక్ అలారం మోగదాండీ?" అని ఒకరినొకరు చూసుకుని నవ్వుతారు. మోగుతుంది. మోగనీ. అది మోగి ఆగేలోపు నా అన్నం అయిపోతుంది.

ఆ వాసన వెనకాలే ఇంకొకటి వస్తుంది, అది డబ్బాలోది కాదని నాకు తెలుసు. ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి నానిన తాటిదుంగ వాసన, నీరు తీసేశాక బయటపడిన బురద మీద పొద్దుటి ఎండ పడితే లేచే ఆవిరి వాసన. అది తగలగానే మూత వేసేసి, ఏదో పారేసుకున్నదానిలా నేల వైపు చూస్తాను. దుకాణం నేల శుభ్రంగా తుడిచి ఉంటుంది. ఏ గుంటా ఉండదు.

అయిదారేళ్ళ కిందట అమ్మ విజిటర్ వీసా మీద మా దగ్గర ఉన్నప్పుడు, మా అమ్మాయి మేఘనకి స్కూల్లో హిస్టరీ ప్రాజెక్టు ఇచ్చారు. శాన్ రఫేల్ అవతల బే ఒడ్డున, ఎప్పుడో చైనా నుంచి వచ్చిన జాలర్లు నీళ్ళలో గుంజలు దింపి కట్టుకున్న రొయ్యల పల్లె ఒకటి ఉంది, ఇప్పుడు పార్కు చేశారు. అది చూడాలంది. మా ఆయనకి ఆన్-కాల్, కాబట్టి డ్రైవింగ్ నాదే.

"అమ్మమ్మా, నువ్వు కూడా రా. నీకు వాటర్ ఇష్టం కదా?" అంది మేఘన.

"ఎవరు సెప్పారే నాకు నీళ్ళిష్టవని?" అంది అమ్మ. అని, చీర మార్చుకొచ్చి అందరికంటే ముందు కార్లో కూర్చుంది.

ఎండిన గడ్డి పరుచుకున్న కొండవాలు, దాని కింద బూడిద రంగు తేలిన చెక్క కొట్లు, సగం నేల మీదా సగం నీళ్ళ మీదా గుంజలెత్తి నిలబడి ఉన్నాయి. పొడుగాటి చెక్కవంతెన ఒకటి నీళ్ళలోకి పోయి మధ్యలో ఆగిపోయింది. ఒక కొట్టునే మ్యూజియం చేసి, తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ ఒకామె వచ్చినవాళ్ళకి చెబుతోంది: ఈ కొండవాలు మీదే రొయ్యలు ఎండబెట్టేవాళ్ళట, ఎండాక తొక్కి పొట్టు రాలగొట్టేవాళ్ళట, ఇదిగో ఈ చెక్క యంత్రం తిప్పి తూర్పారబట్టేవాళ్ళట. తరవాత వాళ్ళ వలలు నిషేధించారు, ఎండు రొయ్యలు బయటి దేశాలకి పంపకూడదన్నారు, వాళ్ళ మనుషులే ఈ దేశంలోకి రాకూడదన్నారు. పల్లె ఖాళీ అయిపోయింది. "సో సాడ్" అంది ఆవిడ. సాడ్ ఏమిటి, చట్టం చేసి మరీ పంపిస్తే! 'మేం లీగల్‌గా వచ్చాం' అని రొమ్ము విరుచుకునే మా హెచ్-వన్ వీసా మిత్రులందర్నీ ఒకసారి బస్సెక్కించి తెచ్చి ఇక్కడ నిలబెట్టాలని నాకు అనిపించింది.

అమ్మ యంత్రం వైపు చూడనే లేదు. గోడకి ఒక పాత ఫోటో ఉంది. నీళ్ళ మీద వరసగా గుంజల ఇళ్ళు, మధ్యలో నడవడానికి బల్లచెక్కలు, కప్పుల మీద ఆరేసిన వలలు. ఎక్కడా మనిషి లేడు. దాని ముందు నిలబడి ఎంతసేపు చూసిందో.

"ఏవే సత్తీ, నిచ్చెనలన్నీ కిందనే ఉన్నాయి సూడు," అంది. "ఒక్క మొగోడూ ఇంటికి రాలేదు."

మేఘన నా మొహంలోకి చూసింది. దానికి నిచ్చెన అంటే ఏమిటో తెలుసు. మాకు అది ఏమిటో దానికి తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు.

మాది మంచెలపాలెం. మ్యాపుల్లో వెతక్కండి, లేదు. గోదారి సముద్రంలో కలిసే చోట మడ అడవుల మధ్య ఒక ఉప్పుటేరు ఉండేది. దాని ఒడ్డున అనకూడదు, దాని మీదే, బురదలో తాటిదుంగలు దింపి, వాటి మీద మడకర్రలు పరిచి, ఆ మంచెల మీద తాటాకు ఇళ్ళు కట్టుకున్నారు మావాళ్ళు. పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఇంటి కిందకి వచ్చి, చాప మీద పడుకున్న మన వీపు కింద ఎవరో గుటకలు వేస్తున్నట్టు చప్పుడు చేసేవి. పాటుకి వెనక్కి తీసేస్తే కింద అంతా మోకాలి లోతు నల్లబురద, అందులో గెంతే చేపపిల్లలు, ఒక డెక్క మాత్రం పెద్దదిగా ఉండే పీతలు, వాటి వెంట మేం. మంచె మీంచి మంచె మీదకి దూకడం మా ఆట, జారి బురదలో పడ్డవాళ్ళు ఆ రోజుకి దొంగ. పీతల కాళ్ళకి కొబ్బరి పీచు కట్టి పందాలు పెట్టేవాళ్ళం, నా పీత ఓడిపోతే గీత సరిగ్గా గియ్యలేదని తగువు పెట్టుకునేదాన్ని. ఆ బుద్ధి ఇంకా పోలేదని మా ఆయన అంటాడు.

ఎండాకాలమంతా రొయ్యలే. మంచెల మీద చాపలు పరిచి, వాటి మీద పచ్చి రొయ్యలు పలచగా నెరిపితే పొద్దున బూడిద రంగులో ఉన్నవి మధ్యాన్నానికి గులాబీ తిరిగి, సాయంత్రానికి గలగలమనేవి. కాకుల్ని తోలడం పిల్లల పని. ఎండిన వాటిని గోనెసంచిలో పోసి ఆడవాళ్ళు మడమలతో తొక్కేవాళ్ళు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, అత్తల మీద చాడీలు చెప్పుకుంటూ. తరవాత చేటల్లో చెరిగితే రొయ్యపప్పు ఒకవైపు, పొట్టు ఒకవైపు పడేది, ఆ పొట్టు గాలికి లేచి మా జుట్టులో, కనురెప్పల మీద, చల్దన్నంలో, అన్నిచోట్లా ఉండేది. వేయించిన రొయ్యపొట్టు, పచ్చి ఉల్లిపాయ, చల్ది గంజి. వాన పట్టిన రోజుల్లో చింతచిగురులో ఎండు రొయ్యలు. గంగమ్మ జాతరకి చలిమిడి, పానకం, పాకం గారెలు. మొదటి గారె మా నాయనమ్మ అప్పాయమ్మ మంచె అంచున నిలబడి నీళ్ళలోకి విసిరేది. "తిను తల్లీ, తిని మా జోలికి రాకు," అని దేవతని కూడా కసిరినట్టే మాట్లాడేది. నాయనమ్మ చుట్ట కాల్చేది, నిప్పు లోపల పెట్టుకుని. ఆ నోటితో ఆవిడ ఎవర్ని తిట్టినా వేడిగానే తగిలేది.

ఇంటింటికీ ఒక నిచ్చెన. ఊళ్ళో ఉన్న కట్టుబాట్లన్నీ ఆ నిచ్చెనకే. దీపాలవేళకి ఇంట్లోవాళ్ళంతా వచ్చేస్తే ఆఖరున ఎక్కినవాళ్ళు దాన్ని పైకి లాగి గోడవార పడెయ్యాలి, లేకపోతే నక్కలు ఎక్కి చేపలు తినిపోతాయి, పోటు నీళ్ళు నిచ్చెననే ఎత్తుకుపోతాయి. కానీ మగవాడు నీళ్ళ మీద ఉన్న ఇంట్లో మాత్రం నిచ్చెన లాగకూడదు. నక్కలొచ్చినా సరే, నీళ్ళొచ్చినా సరే. నిచ్చెన కిందనే ఉందంటే ఆ ఇంటి మనిషి ఇంకా రావాలి అని. అలా ఒక్క నిచ్చెన కింద ఉన్నా ఊళ్ళో డోలు మోగకూడదు, పెళ్ళి జరక్కూడదు. అందుకని మా పెళ్ళిళ్ళన్నీ పడవలన్నీ చేరిన రోజుల్లోనే. ఇక ఇంటి వెనక గుంజకి గంపలూ కుండలూ పైకి లాక్కునే తాడు ఒకటి ఉండేది. దానికి ఏ కట్టుబాటూ లేదు. సాయంత్రం చుట్టచుట్టి లోపల పడేసేవాళ్ళు.

మా నాన్న సన్నగా, నల్లగా, ఈలేస్తే ఏటికి అవతల ఒడ్డున కొంగలు లేచేంత గట్టిగా వేసేవాడు. వలకి మాట్లు వేస్తూ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని సినిమా కథలు చెప్పేవాడు. ఇన్ని కథలు ఎప్పుడు చూశాడా అని నాకు తోచేది కాదు.

నా నాలుగో తరగతిలో, కార్తీకమాసంలో, గాలి ఉన్నట్టుండి తిరిగిన రోజున నాన్నా, ఇంకో ఇద్దరూ వేటకెళ్ళిన పడవ రాలేదు. ఇసక తిన్నె దగ్గర బోర్లా పడి దొరికింది. ఆ ఇద్దర్నీ నీళ్ళు తెచ్చి ఒడ్డున పడేశాయి. వాళ్ళ ఇళ్ళల్లో ఏడ్చారు, నిచ్చెనలు లాగారు, దినాలు చేశారు. మా నాన్నని తేలేదు. మా నిచ్చెన కిందనే ఉంది.

పక్కింట్లో నూకాలు అని, పెళ్ళి కుదిరిన పిల్ల ఒకతె ఉండేది. నాకు జడలు వేసేది, వేస్తూ వేస్తూ తన పెళ్ళికి నేను ఏ రిబ్బన్లు కట్టుకోవాలో చెప్పేది. పడవలన్నీ చేరిన రోజు చూసుకుని చేద్దామనుకున్న పెళ్ళి. ఇప్పుడు అన్ని పడవలూ చేరాయి, ఒక్కటి తప్ప. మార్గశిరం పోయింది, పుష్యం పోయింది, మాఘం వచ్చింది. మాఘం దాటితే వేరే పిల్లని చూసుకుంటామని మగపెళ్ళివారు కబురు పెట్టారు. నూకాలు తల్లి రోజూ వచ్చి మా మంచె మీద కూర్చుని, ఏమీ అడక్కుండా, ఆకువక్క నమిలి వెళ్ళిపోయేది. ఊరి పెద్దలు వచ్చి నాయనమ్మని అడిగారు.

"నీళ్ళు తేల్చని మడిసిని సచ్చాడని సెప్పటానికి మీరెవర్రా?" అంది నాయనమ్మ. "నా నిచ్చెన మీద సెయ్యేస్తే ఆ సెయ్యి నరికి పీతలకేస్తాను."

వాళ్ళు అమ్మ వైపు చూశారు. నిచ్చెన లాగడమంటే అమ్మ గాజులు తియ్యడమే, బొట్టు చెరపడమే. ఎవరు నోరు తెరుస్తారు? అమ్మ తల వంచుకుని చేట చెరుగుతూనే ఉంది. నూకాలు నా జడలు సగంలో వదిలేసి ఇంట్లోకి పోయింది.

మర్నాడు దీపాలవేళ, అందరూ చూస్తుండగా, అమ్మ చేట కింద పెట్టింది. చేతులకి అంటిన పొట్టు దులుపుకుంది. వెళ్ళి నిచ్చెన పట్టుకుని, మెట్టు తరవాత మెట్టు పైకి లాగి, గోడవార పడుకోబెట్టింది. బురద కారుతున్న దాని కాళ్ళు తన కొంగుతో తుడిచింది.

"ఒసే ముండా! నా కొడుక్కి తలుపేస్తావా?" అంటూ నాయనమ్మ అమ్మ మీద పడబోయింది.

"నీ కొడుక్కి తలుపెయ్యలేదత్తా, నూకాలికి తీశాను," అంది అమ్మ. తరవాత, చుట్టుపక్కల మంచెల మీద నిలబడి చూస్తున్న ఆడవాళ్ళ వైపు తిరిగి, "గాజుల జోలికి మాత్రం ఎవరూ రావొద్దు. అయి నా సేతులకున్నాయి, నిచ్చెనకి కాదు," అంది.

అంత మాట అన్న ఆడదాన్ని నేను మళ్ళీ చూడలేదు. నేను ఇంత నోటిదాన్ని ఎలా అయ్యానని అడిగేవాళ్ళకి ఇదే జవాబు.

తెల్లవారి నేను లేచేసరికి నాయనమ్మ మంచె అంచున నిలబడి ఉంది. పాటు తీసి బురద నున్నగా మెరుస్తోంది. ఆ బురదలో ఏటి నుంచి మా ఇంటి దాకా వరసగా గుంటలు. మా బురదలో అడుగు ముద్ర పడదు, గుంట పడుతుంది. కాలు తియ్యగానే అంచులు కూలి సగం పూడుకుపోతుంది. మనిషివని తెలుస్తుంది గానీ ఎవరివో తెలీదు. నీళ్ళ దగ్గర మొదలై, తిన్నగా వచ్చి, సరిగ్గా నిచ్చెన కాళ్ళు ఆనే చోట ఆగాయి. అక్కడంతా తొక్కి తొక్కి కలిపేసి ఉంది. అక్కడి నుంచి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోయాయి.

"వచ్చాడు," అంది నాయనమ్మ. ఏడవలేదు, అరవలేదు. "వచ్చి, సూసి, ఎల్లిపోయాడు."

"పీతలోడెవడో అయ్యుంటాడత్తా," అంది అమ్మ. గొంతు తొణకలేదు. మేం చూస్తుండగానే పోటు వచ్చి ఒక్కో గుంటనీ నింపుకుంటూ మా గుంజల దాకా వచ్చేసింది.

నూకాలు పెళ్ళి ఆ వారమే అయింది. డోలు మోగింది. ఎర్ర రిబ్బన్లు కట్టుకున్నాను. నాయనమ్మ ఆ పొద్దుట నుంచి పోయేదాకా అమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు, అమ్మ చేతి కూడు తినలేదు. తన పొయ్యి తనే, మంచెకి ఆ చివర.

ఇక నేను, ఆ పొద్దుట నుంచీ పీతలవాడి తరఫు ప్లీడర్ని. మా నాన్నే అయితే పిలవడా? ఏరంతా లేచేలా ఈల వేసే మనిషి, నిచ్చెన లేదని నోరు మూసుకుని వెళ్ళిపోతాడా? పీతలు గుంజల మొదట్లోనే కదా చేరేది, పీతలవాడు అక్కడికి కాక ఎక్కడికి వస్తాడు? ఈ వాదన నాయనమ్మతో చేశాను, హాస్టల్లో దుప్పటి కప్పుకుని నాతో నేను చేశాను, పెళ్ళయిన కొత్తలో మా ఆయనతో చేశాను, వన్-ఓ-వన్ హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినప్పుడు స్టీరింగు మీద కొట్టి మరీ చేశాను. ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఓడిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా నాన్న ఆ చలిలో, ఆ బురదలో, తన ఇంటి కింద నిలబడి పైకి చూసి ఉంటాడు. అమ్మతో మాత్రం ఆ వాదన పెట్టుకోలేదు, అమ్మా నేనూ ఒకవైపు కాబట్టి.

ఆ రోజు ఆ చైనా పల్లెలో మేఘన చిప్స్ కొనుక్కోడానికి కెఫేకి వెళ్ళింది. అమ్మ చెక్కవంతెన మీద నడిచి, ఒక కొట్టు పక్కన ఆగింది. నీరు తీసి ఉంది, కింద అదే నల్లబురద, అదే ఆవిరి. కొట్టుకి ఇనప నిచ్చెన ఒకటి పైకి మడిచి గొలుసుతో కట్టేసి ఉంది.

"అది ఎప్పుడూ పైనే ఉంటదా?"

"పిల్లలు దిగకుండా కట్టేశారమ్మా."

"తాడన్నా ఏలాడదీయొచ్చు," అంది. "నేనట్టాగే సేసేదాన్ని, ఎనక గుంజకి."

"ఏం తాడు?"

అమ్మ నవ్వింది. "మీ నాన్నకి టూరింగ్ టాకీసు పిచ్చి. మీ నాయనమ్మ నిచ్చెన లాగేసి గురక పెట్టాక, ఆ గంపల తాడు పట్టుకుని దిగిపోయేవోడు. ఆటొదిలాక మళ్ళీ దాన్నే పట్టుకుని ఎక్కేవోడు. ముసల్దానికి సచ్చేదాకా తెలీదు. ఆయనకీ నాకే తెలుసు. ఆ రోజుల్లో ముసల్ది నిచ్చెన లాగేశాక నేను రోజూ అది కట్టి ఏలాడదీసేదాన్ని."

నా గుండెలో ఏదో ముడి ఊడింది. రైలింగు పట్టుకుని గట్టిగా, పక్కవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అన్నాను: "అయితే ఇంకేమిటమ్మా! నాన్నే అయితే నిచ్చెన లేకపోతే వెనక్కెళ్ళి తాడు చూసుకునేవాడు. ఎక్కేవాడు. ముందువైపు వచ్చి ముందువైపు నుంచే వెళ్ళిపోయాడంటే ఆ వచ్చినవాడికి తాడు సంగతి తెలీదు. పీతలవాడే! ఈ మాట నాకు ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

అమ్మ బురద వైపు చూస్తోంది.

"ఆ రాత్రి తాడు కట్టలేదే," అంది.

గాలి వేస్తోంది. ఎక్కడో మేఘన ఎవరితోనో నవ్వుతోంది.

"ఆ గుంటలు సూసిన కాడ్నించే కట్టాను."

"పీతలోడని నువ్వే కదమ్మా అన్నావు?"

"పీతలోడే," అంది అమ్మ. కొంగుతో రైలింగు మీది చెమ్మ తుడిచింది, ఆ రోజు నిచ్చెన కాళ్ళు తుడిచినట్టే. "కాకపోతేనో?"

ఇన్నేళ్ళ నా వాదనలో నాకు తట్టని సంగతి అప్పుడు తట్టింది. ఆ పొద్దుట మేమంతా మంచె ముందువైపు నిలబడే చూశాం. వెనక గుంజ కింద బురదలో ఏముందో ఎవరం చూడలేదు. చూద్దామనుకునేలోపు పోటు వచ్చేసింది.

"వాట్ హాపెన్డ్? వై ఆర్ యూ గైస్ క్రయింగ్?" అంటూ మేఘన వచ్చింది.

"గాలే తల్లీ. ఉప్పుగాలి," అంది అమ్మ.

తిరుగుదారిలో, కారు బే మీది వంతెన దాటుతుండగా, వెనక సీట్లో మేఘన నిద్రపోయాక అడిగాను. "ఊరు వదిలి వచ్చేటప్పుడు ఆ తాడు విప్పేశావా?"

"ఇప్పెయ్యటానికి అదేవన్నా గేదె తాడా?" అంది అమ్మ, కిటికీలోంచి చూస్తూ.

మంచెలపాలెం ఇప్పుడు లేదు. మడలు నరికి, తాటిదుంగలు పీకి, చెరువులు తవ్వి రొయ్యలు పెంచుతున్నారు; ఆ రొయ్యలే గడ్డకట్టిన సంచుల్లో మా ఊరి సూపర్‌మార్కెట్‌కి వస్తాయి, వాసన ఉండదు, పాట్‌లక్కుల్లో ఎవరూ ముక్కు మూసుకోరు. నిచ్చెనలు లేవు, డోలు కట్టుబాటు లేదు, మడమలతో తొక్కేవాళ్ళు లేరు. నూకాలు మనవడు ఇర్వింగ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు, పండగలకి ఫోన్ చేసి "హ్యాపీ దీపావళి ఆంటీ" అంటాడు. ఆ నిచ్చెన లాగకపోతే వాడు లేడన్న సంగతి వాడికి తెలీదు. అమ్మ కూడా ఇప్పుడు లేదు.

మా దగ్గర ఉన్నన్నాళ్ళూ అమ్మకీ నాకూ రోజూ ఒకటే పోట్లాట, తలుపు గొలుసు గురించి. చీకటి పడగానే నేను వేసేదాన్ని, ఆవిడ తీసేసేది. "పిల్ల రాలేదు కదే?" అనేది. "దాని దగ్గర తాళం ఉందమ్మా" అనేదాన్ని. "తాళవుంటే? లోపల గొలుసేసుంటే తాళవేం సేస్తది?" అనేది. వాదనలో నన్ను ఓడించిన మనిషి ఆవిడొక్కతే.

మేఘన ఇప్పుడు న్యూజెర్సీలో చదువుకుంటోంది. ఇవాళ రాదు, రేపూ రాదు, థాంక్స్‌గివింగ్ దాకా రాదు. ఎండు రొయ్యల పొట్లం ఫ్రీజర్‌లో పెట్టి, దీపాలు వేసి, తలుపు దగ్గరకి వెళ్ళాను. గొలుసు చేతిలోకి తీసుకున్నాను. కాసేపు పట్టుకుని, వేలాడనిచ్చాను.